తోలు లేని జోడు

సిరిసిల్లలో సాంచెల చప్పుడు ఆగిపోయి ఇరవై రోజులు దాటింది. పెళ్లయి ఆ ఊళ్లో కాలు పెట్టిన నాటి నుంచి సత్యవ్వ ఆ మరమగ్గాల చప్పుడులోనే వండింది, ఆ చప్పుడులోనే పిల్లల్ని నిద్రపుచ్చింది, ఆ చప్పుడును మించి అరిచి మాట్లాడటం నేర్చుకుంది. ఇప్పుడు ఒక్కసారిగా అంతా సద్దుమణిగేసరికి పక్కింటి వాళ్లు గిన్నె కింద పెట్టినా ఉలిక్కిపడుతోంది. సకల జనుల సమ్మె అది. బొగ్గు బావులు బందు, బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. కరెంటు వచ్చిన ఆ కాసేపు కూడా సాంచె నడపవద్దని కార్మికులే మాట అనుకున్నారు.

సత్యవ్వకు ఒక్క చోట కూర్చోబుద్ధి కావడం లేదు. ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడుస్తోంది. బియ్యం చెరుగుతూ చెరుగుతూ చేట పక్కన పెట్టి గల్లీ చివరిదాకా వెళ్లి చూసి వస్తోంది. అక్కడి నుంచి చౌరస్తా కనిపిస్తుంది, చౌరస్తాలో దీక్షా శిబిరం, శిబిరంలో ఆమె భర్త బాలయ్య. ఆమె చూసేది శిబిరాన్ని కాదు. బాలయ్య ముఖాన్నీ కాదు. అతని కాళ్లను.

బాలయ్య చెప్పులు వదిలి రెండేళ్లు కావస్తోంది. తెలంగాణ ఇస్తున్నామని ఢిల్లీ నుంచి మాట వచ్చిన రెండు వారాలకే ఆ మాట వెనక్కి పోయింది కదా, ఆ డిసెంబరులో అతను కొండగట్టు వెళ్లి అంజన్న ముందు మొక్కుకున్నాడు. తెలంగాణ వచ్చేదాకా, మాల వేసుకున్న స్వామి ఎట్లా ఉంటాడో అట్లా, ఉట్టి కాళ్లతో ఉంటానని. మెట్ల దగ్గర విడిచిన చెప్పుల్ని అక్కడే వదిలేసి బస్సెక్కాడు. గల్లీ అంతా మెచ్చుకుంది. సత్యవ్వ కూడా మెచ్చుకుంది, అబద్ధమెందుకు.

కానీ బాలయ్యకు షుగరు. పదకొండేళ్ల షుగరు. అరికాళ్లకు సోయి పోయింది. నిప్పు తొక్కినా తెలియదు, మేకు దిగినా తెలియదు. అందుకని రోజూ పొద్దు గూకకముందే, ఇంకా వెలుగుండగానే, సత్యవ్వ అతన్ని గడప మీద కూర్చోబెట్టి రెండు పాదాలూ ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమి చూస్తుంది. ఆ రెండేళ్లలో ఆమె ఆ పాదాల్లోంచి తీసినవి ఒక డబ్బాలో వేసి పెట్టింది. తుమ్మ ముళ్లు, సాంచె తీగ ముక్కలు, ఒక పిన్నీసు, ఎవరిదో చెవిపోగు కొక్కెం. పోయినేడు శ్రావణంలో గాజు పెంకు ఒకటి ఆమె వేళ్లకు దొరక్కుండా లోపలికి పోయి పుండైంది. మానడానికి మూడు నెలలు పట్టింది. కరీంనగర్ డాక్టరు చూసి, ఇట్లాంటిది ఇంకొకటి అయితే కాలు తీసెయ్యాలి, ఇదిగో ఇక్కడి దాకా అని, నీలి పెన్నుతో చీలమండ మీద ఒక గీత గీసి చూపించాడు. గీత గీయకుండా చెప్తే పోయేదేముంది ఆయనకు? ఇంటికి వచ్చాక సత్యవ్వ సబ్బు పెట్టి రుద్ది కడిగింది. గీత పోయింది. ఆమె కళ్లకు మాత్రం ఎప్పుడు చూసినా అక్కడే ఉంటుంది.

అట్లాంటి కాలితో బాలయ్య పాదయాత్రకు పేరిచ్చాడు. దసరా వెళ్లిన మూడో రోజు సిరిసిల్లలో బయలుదేరి, వేములవాడ, చందుర్తి, కథలాపూర్, కోరుట్ల మీదుగా జగిత్యాల దాకా. ఐదు రోజుల నడక. అందరికంటే ముందు రాయించిన పేరు అతనిదే.

ఆమె ఏడ్చింది, తిట్టింది, ఒక పూట అన్నం మానేసింది. పిల్లలతో ఫోన్లు చేయించింది. బాలయ్య దేనికీ కోప్పడలేదు, అదే ఆమెకు ఇంకా మంట. చివరికి నర్సింగం గురుస్వామి దగ్గరికి పోయింది. ఆ గల్లీలో ఏటా అంజన్న మాలలు వేసేది ఆయనే. ఆయన అంతా విని, రోగం ఉన్న స్వాములు కాలికి బట్ట చుట్టుకుంటే దోషం లేదన్నాడు. తోలు తగలొద్దు, దుకాణంలో కొన్న చెప్పు కావొద్దు, అంతే. ఆ మాట పట్టుకుని ఆమె ఉరుకుతూ వచ్చింది.

బాలయ్య ఆలోచించి, బట్ట అయితే చుట్టుకుంటానన్నాడు.

"బట్ట తారు రోడ్డు మీద ఎంత దూరమస్తది?" అంది సత్యవ్వ.

"ఎములాడ దాక అస్తదేమో."

"తర్వాత?"

సత్యవ్వ అప్పటికే చీర కొంగు దోపుకుంది. ఒక పాత పేపరు మీద అతన్ని నిలబెట్టి, రెండు పాదాల చుట్టూ బొగ్గుతో గీత గీసింది. ఆగిపోయిన సాంచెల కింద ఊడ్చిపోసిన నూలు కొసలుంటాయి, ఎవరూ దేనికీ వాడరు, అవి ఒక గోనె సంచి నిండా ఎత్తుకుంది. బస్సులు లేవు కాబట్టి కూరగాయల ట్రాలీ ఆటోలో టమాటా డబ్బాల మధ్య కూర్చుని కోరుట్లకు పోయింది.

కోరుట్ల ఆమె తల్లిగారి ఊరు. అక్కడ చేనేత మగ్గాలుండే రోజుల్లో పుట్టిన పిల్ల. ఆ ఊళ్లో చెప్పులు కుట్టే పోచమ్మ, ఆమె భర్త సామేలు సత్యవ్వకు చిన్ననాటి నుంచి తెలుసు. సామేలు తండ్రి వాళ్లింటికి చెప్పులు కుట్టి తెచ్చి వాకిట్లో పెట్టి దూరంగా నిలబడేవాడు. సత్యవ్వ తల్లి వాటి మీద నీళ్లు చల్లి గాని లోపలికి తీసేది కాదు. ఇప్పుడా కాలం పోయింది. సత్యవ్వ నేరుగా వాళ్ల గుడిసె దుకాణంలోకి వెళ్లి పీట మీద కూర్చుని, పోచమ్మ ఇచ్చిన చాయ తాగి, సంగతంతా చెప్పింది.

సామేలుకు నవ్వాగలేదు. నలభై ఏళ్లుగా తోలు కోసిన చేతులు ఆయనవి. తోలు లేకుండా జోడు కుట్టమంటే బియ్యం లేకుండా బువ్వ వండమన్నట్టుందన్నాడు. పోచమ్మ నవ్వలేదు. బొగ్గు గీతల కాగితాన్ని నేల మీద పరిచి దాని మీద తన అరచేతులు పెట్టి చాలాసేపు చూసింది.

"ఈ కాలు నీ కాలంతే ఉన్నది గదనే సత్తెవ్వా. చిన్నప్పుడు నీ కాళ్లను జూసి, గీ పిల్లకు మొగోళ్ల చెప్పులే కుట్టాలె అనేటోడు మా మామ."

"ఇప్పుడు నా కాళ్ల ముచ్చటెందుకక్కా, జెర గీ పని సూడు."

పోచమ్మకు మాటా పనీ ఒక్కసారే నడుస్తాయి. అడుగున అట్టకు పాత మోటారు సైకిల్ టైరు అంది. దాని మీద గోనెపట్టా రెండు మడతలు. అంటించడానికి చింతగింజలు ఉడకబెట్టిన జిగురు, అది వాళ్ల అత్తమ్మ కాలం నాటి పద్ధతి. పై పట్టీలకు మాత్రం తోలుకు బదులు ఆ నూలే జడలుగా అల్లి తెమ్మంది. వేలెడు వెడల్పు, ఎనిమిది జడలు. నూలు పని నాకు తెలియదు, నీకే తెలుసు, మంచిగా అల్లి తే అని చెప్పింది.

సత్యవ్వ అన్న ఇంట్లో రెండు రోజులుంది. ఆ రెండు రోజులు ఆమె వేళ్లు ఆగలేదు. బతుకమ్మకు పూలు తెచ్చుకున్న ఆడపిల్లలు పిలిస్తే కూడా లేవలేదు. జడలు అల్లింది. అల్లాక లాగి చూసింది. మెత్తగా, వదులుగా అనిపించాయి. రోడ్డు మీద నాలుగు అడుగులు వేస్తే తెగిపోతాయేమో అని భయమేసింది. వాళ్లమ్మ గల్లీలో పడుగు పరిచి, కుంచెతో గంజి పట్టించి, దారం తీగలా గట్టిపడే దాకా వదలకపోయేది. గంజి లేని నూలు నూలే కాదనేది. ఆ చేతుల దగ్గర నేర్చుకున్న సత్యవ్వ జడలకు ఒకసారి గంజి పెట్టి ఆరబెట్టింది. రెండోసారి పెట్టింది. బయలుదేరే పొద్దున మనసాగక మూడోసారి కూడా పెట్టి, తడి తడిగానే గుడ్డలో చుట్టుకుని పోచమ్మ దగ్గరికి ఉరికింది.

తడిగా ఉండటంతో జడలు పోచమ్మ చేతికి మెత్తగా తగిలాయి. బాగున్నాయంది. ట్రాలీ ఆటో పొద్దెక్కేసరికి వెళ్లిపోతుందని సత్యవ్వ నిలబడి, కూర్చుని, మళ్లీ నిలబడి తొందరపెడుతుంటే, పోచమ్మ ఆరె సూదితో పొడిచి, జిగురు రాసి, అంచులు కుట్టి, జోడు తయారు చేసింది. నల్లటి టైరు అట్ట మీద ఎర్రవి, పచ్చవి, తెల్లవి నూలు జడలు. చూడటానికి బతుకమ్మలాగే ఉంది.

సామేలు లేచి వచ్చి కాళ్లు దులుపుకున్నాడు. ఏ కొత్త జోడైనా ఆ ఇంట్లోంచి బయటికి పోయే ముందు ఎవరో ఒకరు తొడుక్కుని కొంతసేపు నడవాలి. ఎక్కడ కరుస్తుందో చూసి అక్కడ కోసి సరిచేయాలి. అది వాళ్ల తాతల నాటి పద్ధతి. దొరల చెప్పుల్ని కూడా వాళ్లే ముందు తొక్కి మెత్తబరిచేవారు, తమ ఇంటి లోపల మాత్రమే. వీధిలోకి వస్తే అవే చెప్పుల్ని చేతిలో పట్టుకుని పోవాల్సిందే.

"ఆగు, నేనొక నాలుగడుగులు తొక్కి సూస్త," అన్నాడు సామేలు.

సత్యవ్వ జోడును గుండెకు హత్తుకుంది. ఆలోచించి చేసిన పని కాదది. "వద్దు బావా. దీక్షల ఉన్న మనిషి. ఇంకొకలు తొక్కినయి తొడుగడు," అంది.

దీక్షలో అట్లాంటి నియమం ఉందని గురుస్వామి చెప్పలేదు. ఆ సంగతి సత్యవ్వకు తెలుసు. పోచమ్మ ఆమె ముఖంలోకి ఒక్కసారి చూసి, చేతికి అంటిన జిగురు తుడుచుకుంది. సామేలు తిరిగి వెళ్లి తన పీట మీద కూర్చున్నాడు. ఆటో హారన్ వినిపిస్తే సత్యవ్వ ఉరికింది.

బాలయ్య జోడును ముందు వాసన చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. తన సాంచె నూలును అందులో గుర్తుపట్టి, ఈ ఎర్రటిది ఏ సాంచె బీముకు చుట్టిన నూలో, ఈ పచ్చది ఏ పండుగ చీరల కిందిదో చెప్పుకుంటూ పోయాడు. తొడుక్కుని గురుస్వామికి చూపించి వచ్చాడు. రెండేళ్లలో అతను అంత సంబరపడటం ఆమె చూడలేదు.

పాదయాత్ర బయలుదేరిన రోజు ముసురు పట్టింది. డప్పులు తడిసి మంట మీద కాచుకుంటూ పోయారు. సత్యవ్వ కూడా ఆడవాళ్లతో కలిసి తన రబ్బరు చెప్పులతో వెనకాల నడిచింది, ముందు పోయే ఆ రంగురంగుల జోడు మీది నుంచి చూపు మళ్లించకుండా. ఆ సాయంత్రం వేములవాడలో ఆమె అతని పాదాలు ఒళ్లోకి తీసుకుని తడిమింది. ఒక్క గీరు లేదు. మళ్లీ తడిమింది. లేదు. ఆమె ఎన్నాళ్లకో కడుపునిండా తిన్నది.

రెండో రోజు ఎండ కాసింది. అక్టోబరు ఎండ, వానకు కడిగిన ఆకాశం, రోడ్డంతా తళతళ. మధ్యాహ్నానికి ఎందుకో సత్యవ్వకు మనసు నిలవలేదు. ముందుకు ఉరికి ఆపుదామా అనుకుంది, పదిమందిలో నవ్వులపాలు చేస్తానేమో అని ఆగింది. అతను మంచిగానే నడుస్తున్నాడు, నినాదాలిస్తున్నాడు, కుంటడం లేదు. కుంటడు కదా. నొప్పి ఉన్నవాడు కుంటుతాడు.

చందుర్తి బడిలో దిగేసరికి ఇంకా పొద్దుంది. వరండాలో అతన్ని కూర్చోబెట్టి జోడు విప్పబోతే ఎడమ కాలిది రాలేదు. లాగితే తడిగా ఊడింది. చిటికెన వేలు కింద, మడమ వెనక, పట్టీ అంచు చర్మాన్ని కోసి లోపలికి దిగింది. గోనెపట్టా నల్లగా నాని ఉంది. బాలయ్య తన కాలిని వేరే ఎవరిదో చూసినట్టు వంగి చూశాడు.

"ఎప్పుడైందిది?" అన్నాడు.

సత్యవ్వ పట్టీని వేళ్ల మధ్య పట్టుకుని చూసింది. చెక్కలా ఉంది. అంచు కత్తిలా ఉంది. ఆ గట్టితనం ఆమెకు బాగా తెలుసు. ఆ గట్టితనం వస్తేనే వాళ్లమ్మ సెబాసు అనేది. ముసురులో మెత్తగా ఉన్నది ఎండ తగలగానే బిగుసుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు పెట్టిన గంజి.

ఊళ్లో ఆరెంపీ డాక్టరు వచ్చి కడిగి కట్టు కట్టాడు. పైపైనే కోసింది, లోతుగా పోలేదు, కానీ ఈ కాలిని రెండు రోజులు నేల మోపితే నేను జవాబుదారీ కాదన్నాడు. ఆమె చూపు అతని చీలమండ మీదికి పోయింది. అక్కడ నీలి గీత. లేదు, ఉంది.

కనీసం జోడునైనా మెత్తబరుద్దామని వేడినీళ్లలో నానబెట్టింది. గంజి కరిగింది. గంజితో పాటు చింతగింజల జిగురూ కరిగి కుట్లు ఊడాయి. గోనె ఒక దిక్కు, టైరు ఒక దిక్కు, జడలు ఒక దిక్కు తేలాయి. అప్పుడు ఆమె ఎవరిదో సెల్‌ఫోన్ అడుక్కుని పోచమ్మకు చేసింది. చెప్పేది పూర్తికాకముందే అవతలి నుంచి పోచమ్మ, వాని కాలు కింద పెట్టనియ్యకు, పొద్దుగాల వస్తున్నం, అని పెట్టేసింది.

పొద్దున్నే డప్పులు మోగాయి. జెండాలు లేచాయి. బాలయ్య నిద్ర లేచినప్పటి నుంచి వరండా స్తంభం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. జనం గేటు దాటి రోడ్డెక్కుతుంటే అతని ఒళ్లంతా ఆ దిక్కుకే లాగుతోంది. బట్ట చుట్టుకుని పోతానన్నాడు. అడ్డం లేవమన్నాడు. మొక్కు తప్పిన మనిషినవుతానన్నాడు. డప్పు చప్పుడు మూలమలుపు దాటుతుంటే కట్టు ఉన్న కాలును మెల్లగా కిందికి దించాడు.

సత్యవ్వ వంగి ఆ కాలి కింద తన రెండు అరచేతులు పరిచింది.

"తొక్కుకుంట పో," అంది. "నిన్ను రోడ్డు కొయ్యలే, ముల్లు కొయ్యలే. నేను కోసిన. గంజి వెట్టింది నేను. సామేలు బావ తొక్కి సూస్తనంటే వద్దన్నది నేను. ఎందుకన్ననో నీకు దెల్సు, నాకు దెల్సు, ఆళ్లకు దెల్సు. గా ఒక్క మాటకు గీ కాలు పోతె నేనేం జేసుకోవాలె?"

బాలయ్య గాలిలో ఉన్న కాలిని అట్లాగే ఉంచాడు. డప్పుల చప్పుడు చిన్నదై, చిన్నదై, ఇక వినిపించలేదు. అతను స్తంభానికి వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు.

సామేలు టీవీఎస్ మోపెడ్ పొగ చిమ్ముకుంటూ బడి గేట్లోకి వచ్చేసరికి పొద్దు బారెడెక్కింది. వెనక పోచమ్మ, ఆమె ఒళ్లో పనిముట్ల సంచి. దిగుతూనే ఆమె బాలయ్య కాలిని తన ఒళ్లోకి లాక్కుంది. అతను సిగ్గుపడి వెనక్కి తీసుకోబోయాడు. వదినె ఒళ్లో కాలు పెట్టుడేందన్నాడు. కాలు పట్టకుండా జోడు కుట్టినందుకే ఇంత అయిందని పోచమ్మ గదిమింది. తర్వాత జడల్ని చూసింది, నలిపి చూసింది, నాలుక కొసకు తాకించింది.

"గంజి," అంది. సత్యవ్వ తల వంచుకుంది. "నువ్వు మగ్గానికి నేసినవు. నేను తోలు లెక్క కుట్టిన. తోలైతే కాలు చెమటకు మెత్తగైతది. ఇది ఎండకు బిర్రయితదని నాకేమెరుక? ఇద్దరం కలిసి వీని పాణం మీదికి తెచ్చినం."

అంతకు మించి ఆ సంగతి ఎత్తలేదు. పొయ్యి మీద డబ్బాలో జడల్ని మళ్లీ ఉడకబెట్టింది, బండ మీద వేసి బట్టలు ఉతికినట్టు బాదింది, నువ్వుల నూనె పట్టించింది. ఈసారి జిగురు ముట్టలేదు, అంతా దారంతోనే కుట్టింది. బడి వెనక చేనులో పత్తి విచ్చి ఉంది. రైతును అడిగి సత్యవ్వ ఒడినిండా తెంపుకొచ్చి, గింజ తీసి ఇస్తుంటే, పట్టీల లోపల ఆ దూది పెట్టి మెత్తలు కుట్టింది. మధ్యాహ్నానికి జోడు మళ్లీ జోడైంది.

సత్యవ్వ దాన్ని రెండు చేతులతో ఎత్తుకుని, బీడీ తాగుతున్న సామేలు ముందు పెట్టింది.

"బావా, తొక్కి సూడు," అంది.

సామేలు వెంటనే లేవలేదు. బీడీ చివరిదాకా తాగాడు. లేచి, కాళ్లు కడుక్కుని, తొడుక్కుని, బడి ఆవరణ చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఆయనవి మోకాళ్ల నొప్పులు, దొంగలా అడుగులు వేస్తుంటే బాలయ్య కూడా నవ్వాడు. బొటనవేలు దగ్గర కరుస్తుందని సామేలు చెప్పాడు. పోచమ్మ అక్కడ కోసింది.

"గింతేనా?" అన్నాడు బాలయ్య ఆశగా.

"గింతెట్ల?" అంది పోచమ్మ. "బడి సుట్టు తిరిగితె బడి సుట్టు కరిసేదే తెలుస్తది. రోడ్డు మీద కరిసేది రోడ్డే చెప్తది. నీ కాలుకు సోయి లేదు, అది చెప్పదు. మా ముసలాయనకు మోకాళ్లు లెవ్వు." ఆమె సత్యవ్వ కాళ్ల వంక చూసింది. "గీమె కాళ్లకు సోయున్నది. సైజు గూడ గదే."

అట్లా సత్యవ్వ తన రబ్బరు చెప్పులు సంచిలో వేసి, భర్త జోడు తొడుక్కుని రోడ్డెక్కింది. బాలయ్య సామేలు మోపెడ్ వెనక కూర్చున్నాడు, కట్టు కట్టిన కాలు ముందుకు చాచి. పోచమ్మ, సత్యవ్వ పక్కన నడిచింది. పాదయాత్ర ముందు పోయింది, వీళ్లు నలుగురు వెనక. దారిలో ఊళ్లవాళ్లు మోపెడ్ మీది మనిషిని చూసి, ఇదేం పాదయాత్ర అని ఎగతాళి చేశారు. బాలయ్య చెవులు ఎర్రబడ్డాయి. కానీ దిగలేదు. సత్యవ్వ ప్రతి మైలుకూ ఆగి చెప్పింది: ఇక్కడ ఒత్తుతోంది, ఇక్కడ రాస్తోంది, మడమ దగ్గర వదులుగా ఉంది. పోచమ్మ రోడ్డు పక్కనే కూర్చుని విప్పి కుట్టింది. నడిచే కొద్దీ సత్యవ్వకు కాళ్ల మీద తప్ప వేరే ధ్యాస లేకుండా పోయింది. ఒక్కో వేలునూ విడిగా వింటున్నట్టుండేది. ఇన్నేళ్లుగా ఆమె బాలయ్య పాదాల్ని పైనుంచి తడిమింది. ఇప్పుడు లోపల నిలబడి చూస్తోంది.

కథలాపూర్‌లో రాత్రి ఆగి, తెల్లారి బయలుదేరిన కాసేపటికే ఆమె కుడి మడమ మీద బొబ్బ లేచి పగిలింది. ఆమె చెప్పలేదు. పోచమ్మ నడక చూసే పసిగట్టి, జోడు లాక్కుని, అక్కడ మెత్త ఇంకొకటి వేసింది. ఆ తర్వాత కోరుట్ల దాకా ఎక్కడా కరవలేదు. సత్యవ్వ నమ్మలేదు. ఊళ్లోకి వచ్చాక కూడా, కరుస్తుందేమో చూద్దామని, సామేలు ఇంటి ముందర అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పోచమ్మ చేయి పట్టి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున కోరుట్ల నుంచి జగిత్యాలకు ఆఖరి నడక. కట్టు విప్పితే గాయం ఎండి, అంచులు దగ్గరపడ్డాయి. డాక్టరు చెప్పిన రెండు రోజులూ గడిచాయి. డప్పులు మోగుతున్నాయి. బాలయ్య లేవలేదు. జోడును ముందు పెట్టుకుని సత్యవ్వ వైపు చూశాడు.

"నడువన్నా?" అని అడిగాడు.

ఇరవై తొమ్మిదేళ్లలో అతను ఆమెను ఒక పని చేయనా అని అడగడం అదే మొదలు. జోడు లోపల చేయి పెట్టి చివరి నుంచి చివరిదాకా తడిమింది. వెళ్లమనడానికి నోరు రాలేదు, వద్దనడానికి మనసు రాలేదు. చివరికి, ప్రతి రెండు మైళ్లకు ఆగి చూపిస్తానంటే నడువు అంది. అతను సరేనన్నాడు. సామేలు పక్క నుంచి, మోపెడ్ వెనకనే వస్తుందిలే అని చెప్పి, బాలయ్య జోడు తొడుక్కునేటప్పుడు పట్టీ మడత పడకుండా తన వేలితో సరిచేశాడు.

ఆ రోజు బాలయ్య రోడ్డు మీద ఏడుసార్లు ఆగాడు. నినాదం మధ్యలో కూడా ఆగాడు. తోటివాళ్లు ఆగలేదు, ముందుకు పోయారు. సత్యవ్వ మోకాళ్ల మీద కూర్చుని చూసేది, తలూపేది, అతను మళ్లీ ఉరికి వాళ్లను కలుసుకునేవాడు. జగిత్యాల చేరేసరికి పొద్దు వాలుతోంది. బస్సులు లేని బస్టాండులో జనం నిండిపోయారు. ఒక మూల బెంచీ మీద సత్యవ్వ అతని పాదాల్ని ఒళ్లోకి తీసుకుంది. పాత గాయం అట్లాగే పొడిగా ఉంది. కొత్తది లేదు. మళ్లీ తడిమింది, వేళ్ల సందులన్నీ విప్పి చూసింది. లేదు. బొటనవేలితో చీలమండ మీద నీలి గీత ఉన్న చోట గట్టిగా రుద్దింది. బాలయ్యకు ఏం రుద్దుతుందో తెలియదు, ఊరుకున్నాడు.

అతని చూపు కిందికి పోయింది. ఆమె రబ్బరు చెప్పు వెనక, కుడి మడమ మీద, పచ్చిగా ఊడిన చర్మం. వంగి ఆ కాలిని ఎత్తబోతే ఆమె వెనక్కి లాక్కుంది. అతను వదల్లేదు.

"నొస్తుందా?"

"నొస్తది. నొస్తెనే మంచిది."

బాలయ్య ఆ మడమను అట్లాగే పట్టుకుని కూర్చున్నాడు. టైరు అట్ట అప్పుడే ఒక పక్క అరిగిందని, ఉగాదికి ఇంకో జోడు కావాల్సి వస్తుందని అన్నాడు. దాన్ని కూడా ముందు నువ్వే తొక్కాలన్నాడు.

"ఇంక ఎన్ని జోళ్లు తొక్కాలె?" అంది సత్యవ్వ.

"తెలంగాణ అచ్చే దాక," అన్నాడు.

మైకులో ఎవరో రేపటి కార్యక్రమం చెప్తున్నారు. సత్యవ్వ బొబ్బ కాలిని అతని చేతుల్లోంచి తీసుకుని చెప్పులో పెట్టి, లేచి నిలబడి, రెండు అడుగులు వేసి చూసింది.